బ్రిటన్ బట్టల షాపుల్లో ఉద్యోగాల కోత: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఏదో ఒక బట్టల సంస్థ షాపులు మూసేస్తోందని వార్త రాగానే నా ఫోనుకు అవే ప్రశ్నలు వస్తాయి. అడిగేవారిలో వారాంతాల్లో కౌంటర్ దగ్గర నిలబడే విద్యార్థులున్నారు, పిల్లలు బడికి వెళ్లిన వేళ పనిచేసే తల్లులున్నారు, పదేళ్లుగా ఒకే షాపును నమ్ముకున్నవారూ ఉన్నారు. నేను ఆరేళ్లు ఒక పెద్ద సంస్థ షాపులో ఆడవారి దుస్తుల విభాగంలో పనిచేశాను. కోత రెండుసార్లు వచ్చింది. మొదటిసారి మిగిలాను, రెండోసారి పోయాను. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. చట్టం గురించి చెప్పినదంతా ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌కు వర్తిస్తుంది. ఉత్తర ఐర్లండ్ నిబంధనలు కొంత వేరు.

## వార్త రాకముందు

జనం ఆన్‌లైన్‌లో కొనడం వల్లే మా ఉద్యోగాలు పోతున్నాయా?

సగం నిజం. బ్రిటన్ చిల్లర అమ్మకాల్లో ఇంటర్నెట్ వాటా 2020 ఆరంభంలో ఐదో వంతు ఉండేది. లాక్‌డౌన్ మధ్య, 2021 జనవరిలో, 37 శాతం దాటింది. తర్వాత దిగివచ్చి నాలుగో వంతుకు కాస్త పైన నిలబడింది. అంటే అలవాటు మారిన మాట వాస్తవమే, అయినా ఎక్కువ భాగం డబ్బు ఇప్పటికీ షాపుల్లోనే చేతులు మారుతోంది.

ఒకే గాలికి ఒక చెట్టు కూలి పక్క చెట్టు నిలబడితే గాలినొక్కదాన్నే తిట్టి లాభం లేదు. ప్రైమార్క్ ఇంటికి డెలివరీ చేయదు, కావాలంటే సైటులో ఎంచుకుని షాపుకు వచ్చి తీసుకోవాల్సిందే. అయినా ఆ షాపుల్లో రద్దీ తగ్గలేదు. నెక్స్ట్ 1988లోనే క్యాటలాగు వ్యాపారం మొదలుపెట్టింది. బట్టలు పంపడం, నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం ఆ సంస్థకు ఇంటర్నెట్ రాకముందే అలవాటైన పని. ఇక బీహెచ్ఎస్ అనే పాత పెద్ద షాపుల సంస్థ సంగతి చూడండి. 2015లో ఆ సంస్థను ఒక్క పౌండుకు అమ్మారు. మరుసటి ఏడాదే కుప్పకూలింది, 11,000 ఉద్యోగాలు పోయాయి, పెన్షన్ నిధిలో 57.1 కోట్ల పౌండ్ల లోటు బయటపడింది. పాత యజమాని చివరికి 2017లో 36.3 కోట్లు కట్టాడు. ఇందులో కొనేవారి అలవాట్ల పాత్ర ఎంత, యాజమాన్యం పాత్ర ఎంత అన్నది మీరే ఆలోచించండి. "అలవాట్లు మారాయి" అన్న మాట యాజమాన్యాలకు ఎందుకు ఇష్టమంటే, అప్పుడు తప్పు వీధిలో నడిచే వారిది అవుతుంది.

మా షాపు ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది. మరి మూసేస్తారని ఎందుకు అంటున్నారు?

రద్దీ వేరు, లాభం వేరు. ఆన్‌లైన్‌లో మూడు సైజులు తెప్పించుకుని రెండు మీ కౌంటర్‌లో తిరిగి ఇచ్చేవారు కూడా ఆ రద్దీలో ఉంటారు. అసలు షాపు మూతపడేది రద్దీ తగ్గినప్పుడు కాదు, చాలాసార్లు లీజు గడువు తీరినప్పుడు. 2025లో రివర్ ఐలండ్ పునర్వ్యవస్థీకరణలో 33 షాపుల మూసివేతతో పాటు మరో 71 షాపుల అద్దె తగ్గింపు కూడా ఉంది. చర్చంతా అద్దె మీదే. ఇంగ్లండ్, వేల్స్‌లో వాణిజ్య అద్దెలు పాత ఆచారం ప్రకారం మార్చి 25, జూన్ 24, సెప్టెంబర్ 29, డిసెంబర్ 25 తేదీల్లో మూడు నెలలకోసారి ముందుగా కడతారు. కష్టాల్లో ఉన్న సంస్థలు ఆ తేదీల చుట్టుపక్కలే కూలడం యాదృచ్ఛికం కాదు. మేనేజర్‌ను అమ్మకాల గురించి కాకుండా లీజు ఎప్పటి వరకు ఉందో అడగండి.

ముందే పసిగట్టే మార్గం ఏమైనా ఉందా?

రోటా, అంటే ఎవరు ఏ వేళ పనిచేయాలో చెప్పే పట్టిక చూడండి. మనుషులకంటే ముందు గంటలు పోతాయి.

మా షాపులో ట్రయల్ రూమ్ ముందు నిలబడి, ఎన్ని బట్టలు లోపలికి తీసుకెళ్తున్నారో చూసి అంకె వేసిన ప్లాస్టిక్ బిళ్ల ఇవ్వడం చాలాకాలం నా పని. ఒకటి నుంచి ఆరు వరకు బిళ్లలు, ఒక్కో అంకెకు ఒక్కో రంగు. ఒక సోమవారం వెళ్లేసరికి బిళ్లలన్నీ సొరుగులో ఉన్నాయి. "వారం మధ్యలో అక్కడ మనిషి అక్కర్లేదు, ఖాళీ ఉన్నప్పుడు కౌంటర్ వాళ్లే చూసుకుంటారు" అన్నారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు, ప్రకటన ఏదీ రాలేదు. వారానికి ముప్ఫై చిల్లర గంటలు మాత్రం మాయమయ్యాయి. ఆ తర్వాత మానేసిన ఇద్దరి స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. ఉదయం సరుకు విప్పే జట్టును రాత్రి జట్టులో కలిపేశారు. ఏడాది తర్వాత ఉద్యోగాల కోత ఉత్తరాలు వచ్చినప్పుడు ఆశ్చర్యపోయినవారు కొత్తవారే.

పన్ను పెరగడం వల్ల పార్ట్‌టైమ్ వారిని భరించలేమని మేనేజర్ అంటున్నారు. నిజమేనా?

లెక్క నిజమే. ఉద్యోగి జీతంపై యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ అనే పన్ను 2025 ఏప్రిల్‌లో 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది. అంతకంటే పెద్ద దెబ్బ పరిమితిలో ఉంది. ఏటా 9,100 పౌండ్లు దాటిన జీతంపై మొదలయ్యే పన్ను 5,000 దాటగానే మొదలవుతోంది. 21 ఏళ్లు నిండిన ఒకరు వారానికి 14 గంటలు, అప్పటి కనీస వేతనం 12.21 పౌండ్లకు పనిచేస్తే ఏడాదికి దాదాపు 8,890 వస్తుంది. ఆ మనిషి కోసం యజమాని అంతకుముందు ఈ పన్ను కింద పైసా కట్టేవాడు కాదు, ఇప్పుడు 580 పౌండ్లకు పైగా కట్టాలి. అదే నెలలో ఇంగ్లండ్‌లో షాపుల స్థానిక పన్నుపై ఇచ్చే రాయితీ కూడా 75 శాతం నుంచి 40 శాతానికి తగ్గింది.

అయితే ఈ భారం అన్ని సంస్థల మీదా ఒకేలా పడింది, అందరూ మనుషులను తీసేయలేదు. కాబట్టి మేనేజర్ మాట కారణాల్లో ఒకటి మాత్రమే.

## ఉత్తరం చేతికి వచ్చాక

"మీ ఉద్యోగం ప్రమాదంలో ఉంది" అని ఉత్తరం ఇచ్చారు. అంటే తీసేసినట్టేనా?

కాదు. అది సంప్రదింపులు మొదలవుతున్నాయన్న సమాచారం. ఒకే చోట 90 రోజుల్లో 20 నుంచి 99 మందిని తీసే ఆలోచన ఉంటే మొదటి తొలగింపుకు కనీసం 30 రోజుల ముందు, 100 మంది లేదా అంతకు మించితే 45 రోజుల ముందు సంప్రదింపులు మొదలుకావాలి. ఈలోగా కోపంతోనో అవమానంతోనో రాజీనామా రాయకండి. రాజీనామా చేసినవారికి రిడండెన్సీ పరిహారం, అంటే పని లేదని తీసేసినప్పుడు ఇచ్చే డబ్బు, రాదు. వేరే ఉద్యోగం దొరికి ముందే వెళ్లాల్సి వస్తే, తొలగింపు తేదీని ఇంకా తొందరగా పెట్టమని లిఖితపూర్వకంగా అడగండి.

మా షాపులో పన్నెండు మందిమే. దేశమంతా వందల మందిని తీస్తున్నా మాకు సామూహిక సంప్రదింపులు వర్తించవంటున్నారు. ఇదెక్కడి న్యాయం?

న్యాయం సంగతి పక్కన పెడితే, చట్టం అలాగే ఉంది. ఎథెల్ ఆస్టిన్ అనే బట్టల సంస్థ, వూల్‌వర్త్స్ మూతపడినప్పుడు సంప్రదింపులు సరిగా జరపలేదని షాపు ఉద్యోగుల యూనియన్ ఉస్‌డా కోర్టుకెక్కింది. యూరోపియన్ కోర్టు 2015 ఏప్రిల్‌లో ఒక్కో షాపును ఒక్కో "స్థలం"గా లెక్కించవచ్చని తేల్చింది. దాంతో 20 మంది కంటే తక్కువ ఉన్న షాపుల్లో పనిచేసిన సుమారు 4,400 మందికి పరిహారం దక్కలేదు. ఒకే సంస్థ, ఒకే రోజు మూత, కానీ పెద్ద షాపువారికి డబ్బు, చిన్న షాపువారికి సున్నా. ఈ పాత పుండు మీద మందు రాయడానికి 2025 ఉద్యోగ హక్కుల చట్టం సంస్థ మొత్తాన్ని లెక్కలోకి తీసుకునే మరో కొలమానాన్ని చేర్చింది, దాని సంఖ్యలు నిబంధనల్లో రావాలి.

అంతవరకు మీకున్నది వ్యక్తిగత సంప్రదింపుల హక్కు. షాపులో ముగ్గురే ఉన్నా విడిగా కూర్చోబెట్టి కారణం చెప్పాలి, ప్రత్యామ్నాయం ఉందేమో చూడాలి.

ఎవరిని ఉంచాలో ఎలా నిర్ణయిస్తారు?

ఒకే రకం పని చేసేవారిని ఒక గుంపుగా పెట్టి మార్కులు వేస్తారు: హాజరు, నైపుణ్యం, క్రమశిక్షణ రికార్డు లాంటివి. మీ మార్కుల కాగితం అడిగి తీసుకోండి. "ఏ వేళకైనా రాగలగడం" అనే గడి ఉంటే జాగ్రత్తగా చూడండి. అది చిన్నపిల్లలున్న తల్లులను వరసగా కిందికి నెడుతుంది, కాబట్టి పరోక్ష వివక్ష అని వాదించవచ్చు. గర్భం సంగతి సంస్థకు చెప్పిన రోజు నుంచి బిడ్డ పుట్టిన 18 నెలల వరకు, తగిన ఖాళీ ఉంటే ముందుగా మీకే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమలులో ఉంది. చాలామంది మేనేజర్లకే ఈ సంగతి తెలియదు.

షాపు బదులు గిడ్డంగిలో పని ఇస్తామంటున్నారు. తీసుకోవాలా?

ఉద్యోగం పోతుంటే పని పోదు, చోటు మారుతుంది. మీరు హ్యాంగర్‌కు తగిలించిన గౌను ఇప్పుడు ఊరి బయట ఎవరో సంచిలో పెడుతున్నారు. అందుకే ఈ ప్రతిపాదన తరచుగా వస్తుంది.

కొత్త పనిని నాలుగు వారాలు చేసి చూసే హక్కు మీకుంది. నిజంగా సరిపోకపోతే పరిహారం పోకుండా వెనక్కి రావచ్చు. సరైన కారణం లేకుండా మొదటే కాదంటే మాత్రం పరిహారం పోయే ప్రమాదం ఉంది. సరైన కారణం అంటే బస్సు లేని వేళ షిఫ్టు, రెట్టింపు ప్రయాణం, మోయలేని బరువులు, బాగా తగ్గే జీతం. వీటిని నోటితో కాక కాగితం మీద చెప్పండి.

జీతం గురించి ఒక ముచ్చట. నెక్స్ట్ షాపుల్లో పనిచేసినవారు, ఎక్కువగా ఆడవారు, గిడ్డంగి పనివారికంటే తమకు గంటకు తక్కువ ఇస్తున్నారని కేసు వేశారు. గిడ్డంగి పనికి మార్కెట్ రేటే అంత అని సంస్థ వాదించింది. 2024 ఆగస్టులో ఉద్యోగ తగాదాలు తేల్చే ట్రైబ్యునల్ ఆ వాదనను ఒప్పుకోలేదు, 3,500 మందికి పైగా ఉన్న వాదుల వైపు నిలిచింది. అప్పీలుకు వెళ్తామని సంస్థ ప్రకటించింది. బట్టలు మడతపెట్టడం తేలిక పని అనుకునేవారు శనివారం మధ్యాహ్నం ఒక్క టీషర్టుల బల్ల సర్ది చూడాలి.

## కంపెనీయే దివాలా తీస్తే

అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లిందట. రేపు పనికి వెళ్లాలా?

వెళ్లండి. అప్పులు తీర్చలేని సంస్థను నడిపించడానికి నియమించే అడ్మినిస్ట్రేటర్ సాధారణంగా సరుకు అమ్ముడుపోయే వరకు షాపు తెరిచే ఉంచుతాడు, అందుకు మీరు కావాలి. మొదటి 14 రోజులు కీలకం. ఆ గడువు దాటాక కూడా మిమ్మల్ని కొనసాగిస్తే ఆ తర్వాతి జీతం మిగతా అప్పులవాళ్లకంటే ముందు వరసలోకి వస్తుంది. మీ దగ్గర ఆ సంస్థ గిఫ్ట్ కార్డు ఉంటే మాత్రం అది చెల్లుతున్నంతలోనే వాడేయండి.

మా బ్రాండును పెద్ద సంస్థ కొన్నదని వార్త. ఉద్యోగాలు నిలుస్తాయా?

ఏం కొన్నారో చూడండి: షాపులా, పేరా? 2020 నవంబర్ చివర్లో ఆర్కేడియా కూలినప్పుడు 13,000 మంది ఉద్యోగులున్నారు. 2021 ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లోనే అమ్మే ఏసోస్ ఆ సంస్థకు చెందిన టాప్‌షాప్, టాప్‌మ్యాన్, మిస్ సెల్ఫ్‌రిడ్జ్ పేర్లను మరో పేరుతో కలిపి 26.5 కోట్ల పౌండ్లకు కొన్నది, సరుకుకు వేరే చెల్లించింది. షాపులు వద్దంది. కొత్త యజమాని దగ్గరకు వెళ్లినవారు దాదాపు 300 మంది, అదీ డిజైన్, కొనుగోలు లాంటి విభాగాల వారు. అంతకు ముందు నెలలో బూహూ 5.5 కోట్లకు డెబెన్‌హామ్స్ పేరు కొన్నది. 1778లో మొదలైన ఆ సంస్థ షాపుల్లో చివరివి 2021 మే నెలలో మూతపడ్డాయి. వార్తల్లో "బ్రాండును కాపాడారు" అని వచ్చింది. కాపాడింది బోర్డు మీది అక్షరాలను.

షాపులతో సహా, నడుస్తున్న వ్యాపారంగా కొంటే పరిస్థితి వేరు. అప్పుడు మీ కాంట్రాక్టు, సర్వీసు కాలం కొత్త యజమానికి బదిలీ అయ్యే అవకాశం బలంగా ఉంటుంది.

జీతం బకాయి ఉంది. సంస్థ దగ్గర డబ్బు లేదంటున్నారు. ఎవరిస్తారు?

నేషనల్ ఇన్సూరెన్స్ నిధి నుంచి ప్రభుత్వం ఇస్తుంది. గరిష్ఠంగా ఎనిమిది వారాల జీతం బకాయి, ఆరు వారాల సెలవుల డబ్బు, చట్టం చెప్పిన నోటీసు డబ్బు, రిడండెన్సీ పరిహారం. వారానికి ఇంత అని పరిమితి ఉంటుంది. 2025 ఏప్రిల్ 6న మొదలైన ఏడాదికి అది 719 పౌండ్లు ఉండేది, ఏటా ఏప్రిల్‌లో మారుతుంది. దరఖాస్తుకు అడ్మినిస్ట్రేటర్ ఇచ్చే కేసు నంబరు కావాలి. దాని కోసం వెంటపడటానికి సిగ్గుపడకండి.

## చేతికి వచ్చే డబ్బు

నాకు ఎంత వస్తుంది?

రెండేళ్ల సర్వీసు నిండాలి. 22 ఏళ్లలోపు చేసిన ప్రతి ఏడాదికి అరవారం జీతం, 22 నుంచి 40 వరకు వారం జీతం, 41 నిండాక ఒకటిన్నర వారం. గరిష్ఠంగా 20 ఏళ్లే లెక్కిస్తారు. ఉదాహరణకు 44 ఏళ్ల వయసు, 11 ఏళ్ల సర్వీసు, వారానికి 250 పౌండ్ల జీతం అనుకోండి. చివరి మూడేళ్లకు నాలుగున్నర వారాలు, మిగతా ఎనిమిదేళ్లకు ఎనిమిది. మొత్తం పన్నెండున్నర వారాలు, 3,125 పౌండ్లు. రిడండెన్సీ పరిహారంలో 30,000 పౌండ్ల వరకు ఆదాయపు పన్ను లేదు. ఇది కాక నోటీసు విడిగా ఉంటుంది: రెండేళ్లు దాటినవారికి ఏడాదికో వారం చొప్పున, పన్నెండు వారాల వరకు.

కాంట్రాక్టులో 12 గంటలు, కానీ ఏళ్లుగా వారానికి 25 గంటలు చేస్తున్నాను. దేని మీద లెక్కిస్తారు?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అదనపు గంటలు ఇవ్వడం సంస్థకు, చేయడం మీకు కాంట్రాక్టు ప్రకారం తప్పనిసరి అయితేనే అవి లెక్కలోకి వస్తాయి. "వస్తావా?" అని అడిగితే "వస్తాను" అన్న గంటలు రావు. గంటకు 12.21 పౌండ్లు అనుకుంటే 12 గంటల వారం 146 పౌండ్లు, 25 గంటల వారం 305. ముప్ఫైల మధ్యలో ఉండి పదేళ్ల సర్వీసున్న మనిషికి 1,465, 3,052 పౌండ్ల మధ్య తేడా ఇది. ఏళ్ల తరబడి ఒకే రోజుల్లో ఒకే గంటలు నడిస్తే కాంట్రాక్టే ఆచరణలో మారిందని వాదించే వీలుంది, దానికి పాత రోటాలే సాక్ష్యం. సంస్థ బాగున్నప్పుడే ఆ గంటలను కాంట్రాక్టులో రాయించుకోవడం మేలు. అలాగే "గంటలు తగ్గించుకుంటే ఉంచుతాం" అన్న కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆలోచించండి. వచ్చే ఏడాది తీసేస్తే లెక్క ఆ తగ్గిన గంటల మీదే.

రెండేళ్లు నిండలేదు. ఏమీ రాదా?

నెల దాటితే వారం నోటీసు, వాడుకోని సెలవుల డబ్బు వస్తాయి. చట్టబద్ధ రిడండెన్సీ రాదు.

## వీసా, ఆ తర్వాత

స్టూడెంట్ వీసాలో ఉన్నాను. ఉద్యోగం పోతే వీసాకు ఇబ్బందా?

లేదు, మీ వీసా చదువుతో ముడిపడింది. పరిహారం తీసుకోవడం కూడా ప్రభుత్వ సాయం తీసుకోవడం కిందికి రాదు. ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే సాయానికి మాత్రం దరఖాస్తు చేయకండి, అది మీ వీసా షరతులకు విరుద్ధం. ప్రధాన కార్యాలయంలో స్కిల్డ్ వర్కర్ వీసాపై పనిచేసేవారి పరిస్థితి వేరు. స్పాన్సర్, అంటే వీసా ఇప్పించిన సంస్థ, సమాచారం ఇచ్చాక సాధారణంగా 60 రోజులకు వీసా కుదిస్తారు. వెతకడం ఉత్తరం వచ్చిన రోజే మొదలుపెట్టాలి.

డెలివరీ యాప్‌లోనో, వింటెడ్‌లో బట్టలు అమ్మో కొన్నాళ్లు గడుపుకోవచ్చా?

స్టూడెంట్ వీసాపై స్వయం ఉపాధి నిషిద్ధం. డెలివరీ యాప్‌ల పని చాలావరకు ఆ కోవలోకే వస్తుంది, మిత్రుడి ఖాతాతో చేయడం ఇంకా ప్రమాదం. మీరు కట్టుకుని వదిలేసిన బట్టలు అమ్ముకోవడం వ్యాపారం కాదు. చౌకగా కొని లాభానికి అమ్మడం వ్యాపారమే. షాపు పని పోవడం వల్ల వీసాకు రాని ముప్పు ఈ తొందరలో వస్తుంది.

ఇప్పుడు యూనియన్‌లో చేరితే ఉపయోగమా?

చేరకముందు మొదలైన తగాదాను యూనియన్లు సాధారణంగా నెత్తికెత్తుకోవు, అయినా సలహా దొరకవచ్చు. ఉద్యోగ తగాదాల్లో సలహా ఇచ్చి రాజీ కుదిర్చే సంస్థ ఏకాస్ హెల్ప్‌లైన్ అందరికీ ఉచితం. ట్రైబ్యునల్‌కు వెళ్లాలన్నా ముందు ఏకాస్ గడప తొక్కాల్సిందే. అన్యాయంగా తీసేశారన్న ఫిర్యాదుకు ఇది రాసే నాటికి గడువు మూడు నెలలకు ఒక రోజు తక్కువ. ఇంటి అద్దెకే కటకటగా ఉంటే 1832 నుంచి ఈ రంగంలోని వారికి తోడుగా ఉన్న రిటైల్ ట్రస్ట్‌ను అడగండి.

చివరి రోజు ఏం తీసుకుని బయటికి రావాలి?

కనీసం రెండేళ్ల పేస్లిప్పులు, రోటాల ఫొటోలు, కాంట్రాక్టు ప్రతి, సెలవుల లెక్క. ఇవన్నీ సంస్థ యాప్‌లో ఉన్నాయి కదా అనుకోకండి, ఆ లాగిన్ ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పరు. మీ జీతం, కట్టిన పన్ను వివరాలుండే పీ45 కాగితం ఎప్పుడు పంపుతారో అడిగి తేదీ రాసుకోండి. నేను లాకరు ఖాళీ చేసి, పేరు రాసిన బ్యాడ్జిని జ్ఞాపకంగా జేబులో వేసుకుని వచ్చేశాను. మర్నాడు ఉదయానికి యాప్ తెరుచుకోలేదు. ఆ పేస్లిప్పుల కోసం నాలుగు నెలలు ఉత్తరాలు రాశాను.